బంతి మీ చేతికి రాకముందే: ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్‌లో పైస్థాయి వ్యూహాలకు సమగ్ర మార్గదర్శి

2018 సెప్టెంబర్ 29, మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్. లక్ష మందికి పైగా జనం. గ్రాండ్ ఫైనల్ చివరి నిమిషాల్లో కాలింగ్‌వుడ్ 74, వెస్ట్ కోస్ట్ 73. అప్పుడు వెస్ట్ కోస్ట్ రక్షకుడు జెరెమీ మెక్‌గవర్న్ తన గోల్ వైపు వస్తున్న బంతిని గాలిలోనే అందుకున్నాడు. అతని కిక్ నేథన్ వార్డీకి చేరింది. వార్డీ కిక్‌ను లియామ్ రయన్ ఎగిరి పట్టుకున్నాడు. రయన్ పంపిన బంతిని బౌండరీ గీత పక్కన డామ్ షీడ్ పట్టుకున్నాడు. చాలా ఇరుకైన కోణం అది. షీడ్ ఎడమకాలి కిక్ రెండు పొడవాటి స్తంభాల మధ్య నుంచి దూసుకుపోయింది. 79-74. కప్పు వెస్ట్ కోస్ట్‌ది.

అందరూ షీడ్ కిక్ గురించి మాట్లాడతారు. నేను మాత్రం ఆ దృశ్యాన్ని ఎన్నిసార్లు చూసినా బంతిని వదిలేసి మిగతా ఆటగాళ్లనే చూస్తాను. ఎవరు ఏ క్షణాన కదిలారు, ఎవరు ఎవరికి దారి వదిలారు, ఎవరు ఎవరిని అడ్డుకున్నారు? ఈ ఆటలో మైదానంలో ఒక్కో జట్టుకు 18 మంది. బంతి ఒక్కటే. మంచి ఆటగాడి చేతిలో కూడా మొత్తం ఆటలో అది ఉండేది కొద్ది నిమిషాలే. మిగతా సమయమంతా అతను ఎక్కడ నిలబడ్డాడు, ఎటు చూశాడు, ఎప్పుడు పరుగెత్తాడు అన్నదే అతని ఆట. పైస్థాయి వ్యూహమంటే నా దృష్టిలో ఇదే.

డ్రాప్ పంట్ కిక్ (బంతి వెనక్కి తిరుగుతూ వెళ్లే మామూలు కిక్), రెండు చేతులా హ్యాండ్‌బాల్ (ఒక చేతిలోని బంతిని రెండో చేతి పిడికిలితో గుద్ది అందించడం), ట్యాకిల్ (బంతి ఉన్నవాడిని పట్టి ఆపడం) వచ్చి, స్థానిక క్లబ్‌లో ఒకటి రెండు సీజన్లు ఆడిన వారి కోసం ఇది రాస్తున్నాను. మెల్‌బోర్న్ పడమటి శివార్లలో, టార్నీట్, పాయింట్ కుక్ వంటి చోట్ల, పిల్లలను ఆస్‌కిక్ శిక్షణకు తీసుకెళ్లి గీత అవతల నిలబడే తెలుగు తల్లిదండ్రులకూ ఉపయోగపడవచ్చు. నియమాల్లో రెండు విషయాలు మాత్రం మనసులో ఉంచుకోండి. ఈ ఆటలో ఆఫ్‌సైడ్ లేదు, కాబట్టి ప్రత్యర్థి మీకు ఏ దిక్కు నుంచైనా రావచ్చు. 15 మీటర్లకు తగ్గకుండా ప్రయాణించిన కిక్‌ను నేల తాకకముందే పట్టుకుంటే అది మార్క్; అప్పుడు ఎవరూ మీ మీద పడరు, ఆలోచించుకునే వ్యవధి దొరుకుతుంది. వ్యూహాలన్నీ ఈ రెండింటి చుట్టూ తిరుగుతాయి.

మొదటి మెట్టు: బంతిని చూడటం తగ్గించండి

కొత్త ఆటగాడి కళ్లు బంతికి అతుక్కుపోతాయి. అనుభవం ఉన్నవాడు బంతిని ఓ క్షణం చూస్తాడు, వెంటనే భుజం మీదుగా వెనక్కి చూస్తాడు, మళ్లీ బంతి వైపు తిరుగుతాడు. బంతి గాలిలో ఉన్నంతసేపూ దాని దారి మారదు. ఆ వ్యవధిని చుట్టూ చూడటానికి వాడుకోండి.

చూసిన ప్రతిసారీ మూడు విషయాలు తేల్చుకోవాలి. నాకు అతి దగ్గరలో ఉన్న ప్రత్యర్థి ఎటువైపు ఉన్నాడు? ఖాళీ ఎటు ఉంది? ఇప్పుడు బంతి నాకొస్తే మొదటి పని ఏమిటి? మూడో ప్రశ్నకు జవాబు లేకుండా బంతి అందుకున్నవాడు నూటికి తొంభైసార్లు ట్యాకిల్‌లో దొరికిపోతాడు. బంతిని వదిలించుకునే అవకాశం ముందే ఉండి కూడా పట్టుబడితే ఫ్రీ కిక్ అవతలివారికి పోతుంది.

ఖాళీని గుర్తించడానికి ఒక సులువైన లెక్క ఉంది. బంతి ఒక అంచున ఉంటే జనమంతా అటే మూగుతారు. మైదానం అవతలి సగం విశాలంగా ఖాళీగా పడి ఉంటుంది. ఇక్కడి ఆటగాళ్లు దాన్ని ఫ్యాట్ సైడ్ అంటారు. మధ్యలో గోల్ నుంచి గోల్‌కు నిలువుగా ఉండే దారి కారిడార్. అటు వెళితే గోల్ దగ్గరవుతుంది, కానీ అక్కడ బంతి పోగొట్టుకుంటే ప్రత్యర్థికి అదే దగ్గరి దారి. ఈ మూడు ప్రాంతాలనూ మీరు నిద్రలో కూడా చూపించగలగాలి.

శిక్షణలో దీన్ని ఇలా సాధించండి. బంతి మీకు వస్తుండగా మీ వెనుక ఉన్న సహచరుడు చేతి వేళ్లు కొన్ని చూపించాలి. బంతి పట్టుకునేలోపు మీరు ఆ సంఖ్య చెప్పాలి. మొదట్లో బంతి జారుతుంది. రెండు వారాలు పోతే మెడ తనంతట తానే తిరగడం మొదలవుతుంది.

రెండో మెట్టు: బంతి పైకి లేచే చోట గడియారం ముఖం

ఆట ఆగి మళ్లీ మొదలయ్యే సందర్భాన్ని స్టాపేజ్ అంటారు. ఆటల ఫలితాలు ఎక్కువగా తేలేది ఇక్కడే కాబట్టి ఈ మెట్టు మీద కాస్త ఎక్కువసేపు నిలబడదాం.

2019 నుంచి ఈ ఆట అగ్రశ్రేణి లీగ్ ఏఎఫ్ఎల్‌లో మధ్య నుంచి ఆట మొదలయ్యేటప్పుడు ప్రతి జట్టూ 6-6-6గా నిలబడాలి. రెండు చివరల, గోల్ ముందు గీసిన 50 మీటర్ల వంపుల్లో ఆరుగురేసి, మధ్యన ఆరుగురు. ఆ మధ్య ఆరుగురిలో నలుగురు 50 మీటర్ల చతురస్రం లోపల, ఇద్దరు రెక్కల మీద. అంటే చతురస్రంలో నాలుగుకు నాలుగు. మీ వెనుక అదనపు కాపలా ఎవరూ లేరు. ఇక్కడ శుభ్రంగా బంతి గెలిచిన జట్టు పది సెకన్లలో గోల్ ముందు ఉంటుంది.

రక్‌మ్యాన్ (పైకి లేచిన బంతి కోసం ఎగిరి పోటీపడే పొడగరి) పైకెగిరి బంతిని తట్టే చోటును గడియారం మధ్య బిందువు అనుకోండి. మీరు గోల్ కొట్టాల్సిన దిక్కు పన్నెండు. ఇప్పుడు మీ రక్‌మ్యాన్ ‘మూడు’ అంటే తన కుడి పక్కకు తడతాడని అర్థం. మిగతా ముగ్గురూ మూడు పనులు పంచుకోవాలి. ఒకరు బంతి పడే చోటికి నేరుగా దూసుకుపోవాలి. ఒకరు అతని నుంచి హ్యాండ్‌బాల్ అందుకోవడానికి బయటి వైపు కాస్త దూరంగా ఉండాలి. మూడో వ్యక్తి ఆరు దిక్కున, అంటే తన గోల్ వైపున, నిలబడాలి. బంతి చేజారితే మొదటి ట్యాకిల్ అతనిది. ఈ మూడో పని ఎవరికీ ఇష్టముండదు, దానికి చప్పట్లూ ఉండవు. కానీ ముగ్గురూ బంతి మీదకే పోయిన జట్టు గోల్ తిన్నాక ఒకరి ముఖం ఒకరు చూసుకోవాల్సిందే.

మరో ముఖ్య సూత్రం: పడే చోట ముందుగా వెళ్లి నిలబడకండి. నిలబడినవాడిని ప్రత్యర్థి భుజంతో నెట్టేస్తాడు. రెండు మూడు అడుగుల దూరంలో ఉండి, బంతి చేతిని తాకిన క్షణంలో ఆ చోటులోకి పరుగెత్తండి. బంతి దొరికేసరికే వేగంలో ఉంటారు, పట్టుకోవడం కష్టం.

మీ రక్‌మ్యాన్ ఎత్తులో ఓడిపోతున్నాడా? అప్పుడు అతన్ని చూడటం మానేసి అవతలి రక్‌మ్యాన్‌ను చదవండి. అతను ఏ చేతితో తడతాడు, ఏ భుజం తిప్పుతాడు, మొదటి క్వార్టర్‌లో ఎటువైపు ఎక్కువగా పంపాడు? క్రికెట్‌లో బౌలర్ మణికట్టును చదివినట్టే. 2017 నుంచి ఏఎఫ్ఎల్‌లో మూడో మనిషి వచ్చి రక్ పోటీలో ఎగరడాన్ని నిషేధించారు కాబట్టి అక్కడ తేల్చుకునేది ఆ ఇద్దరే. అతని అలవాటు పట్టుకుంటే అతను కష్టపడి గెలిచిన బంతిని మీ రోవర్, అంటే నేల మీది బంతిని ఏరుకునే చురుకైన ఆటగాడు, హాయిగా ఎత్తుకుపోతాడు.

బంతి దక్కే దారే కనబడకపోతే, దాన్ని గెలిచినవాడి చేతులు కదలకుండా పట్టి ఆట ఆపించండి. మళ్లీ బంతి పైకి లేస్తుంది, మళ్లీ అవకాశం సమానం. అది ఓటమి కాదు.

మూడో మెట్టు: మనిషిని రప్పించి బంతి వదలండి

హ్యాండ్‌బాల్ ఎప్పుడు ఇవ్వాలన్నది చేతి నైపుణ్యం కన్నా పెద్ద విషయం. ప్రత్యర్థి పది అడుగుల దూరంలో ఉండగానే పక్కవాడికి ఇచ్చేస్తే మీరు ఇచ్చింది బంతి కాదు, మీ కష్టం. ఆ ప్రత్యర్థి దిశ మార్చి అతని మీదకే పోతాడు. అతన్ని మీ దగ్గరికి రానివ్వండి. రెండు అడుగుల్లోకి వచ్చి, ట్యాకిల్‌కు వంగాక వదలండి. ఇప్పుడు ఆ ప్రత్యర్థి ఆటలో లేనట్టే. సహచరుడి ముందు ఖాళీ.

ఇచ్చాక ఆగిపోవద్దు. వెంటనే అతన్ని దాటి పరుగెత్తండి. తిరిగి మీకే ఇవ్వొచ్చు, ఇవ్వకపోయినా మిమ్మల్ని వెంబడించే ఒకడు పక్కకు తప్పుకుంటాడు. ఇంకో చిన్న మాట: పరుగెత్తేవాడికి హ్యాండ్‌బాల్ ఛాతీకి కాదు, ఛాతీకి అడుగు ముందు ఇవ్వాలి. అతను వేగం తగ్గించాల్సిన అవసరం రాకూడదు.

నాలుగో మెట్టు: కిక్ ఎటు

బంతి దొరకగానే ఎదురుగా పొడవుగా కొట్టేయడం మనిషి సహజ స్వభావం. ప్రత్యర్థి కోరుకునేదీ అదే. ఎత్తుగా, నెమ్మదిగా దిగే బంతి రక్షకులకు పండగ. దానికి బదులుగా మూడు దారులు చూసుకోండి.

ఒకటి, 45 డిగ్రీల కిక్. అంచు నుంచి కారిడార్ వైపు ఏటవాలుగా, 20-30 మీటర్ల దూరంలో, తక్కువ ఎత్తులో, వేగంగా. ఒక్క కిక్‌తో ఒక వరుస రక్షకులను దాటేస్తారు. తప్పితే ప్రమాదమూ అంతే పెద్దది. అందుకే అందుకునేవాడు అప్పటికే ఖాళీలోకి కదులుతుంటేనే కొట్టాలి. నిలబడి చెయ్యి ఊపుతున్నవాడికి ఈ కిక్ ఇవ్వకండి.

రెండోది స్విచ్. వెనక్కి, అడ్డంగా, రెండు కిక్‌లతో బంతిని ఫ్యాట్ సైడ్‌కు మార్చడం. ఇందులో వేగమే ప్రాణం. మొదటి కిక్ పట్టుకున్నవాడు ఆలోచిస్తూ నిలబడితే ప్రత్యర్థి జట్టు మొత్తం పక్కకు జరిగి కూర్చుంటుంది. స్విచ్ మొదలవక ముందే అవతలి అంచున ఉన్నవాడు పరుగు మొదలుపెట్టి ఉండాలి.

మూడోది, ఏమీ చేయకపోవడం. మార్క్ పట్టాక దగ్గరి సహచరుడికి చిన్న కిక్, అతని నుంచి ఇంకొకరికి. బంతి మన దగ్గరుంటే అవతలివారు గోల్ కొట్టలేరు. 2013 నుంచి 2015 వరకు వరసగా మూడు కప్పులు గెలిచిన హాథార్న్ జట్టు కిక్ కచ్చితత్వాన్నే ఆయుధం చేసుకుంది. ఆ ఆటలు చూస్తే ఓపిక కూడా దాడిలో భాగమేనని తెలుస్తుంది.

2021లో వచ్చిన ‘స్టాండ్’ నియమాన్ని కూడా వాడుకోండి. మీరు మార్క్ పట్టాక ఎదురుగా గుర్తు మీద నిలబడిన ప్రత్యర్థి, అంపైర్ ‘స్టాండ్’ అన్నాక, ‘ప్లే ఆన్’ అనేదాకా అంగుళం కదలకూడదు. కదిలితే 50 మీటర్ల శిక్ష. అంటే మీరు గీత వదిలి పక్కకు దూకితే మొదటి అడుగు ఎప్పుడూ మీదే. ఆ ఒక్క అడుగుతో కొత్త కోణం తెరుచుకుంటుంది. అయితే పక్కనుంచి వేరే ప్రత్యర్థి వస్తున్నాడేమో ముందే చూసుకోవాలి. మొదటి మెట్టు మళ్లీ ఇక్కడ పనికొస్తుంది.

ఐదో మెట్టు: ముందు వరుసలో లీడ్

ఫార్వర్డ్ ఆటగాడు బంతి కోసం ఖాళీలోకి చేసే పరుగును లీడ్ అంటారు. కొత్తవారు చేసే తప్పు తొందర. కిక్ కొట్టేవాడు ఇంకా తల ఎత్తకముందే పరుగెత్తి, అతను చూసేసరికి అలసి ఆగిపోతారు. అతను బంతిని చేతుల్లో స్థిరపరచుకుని తల ఎత్తే క్షణం కోసం ఆగండి. అదే మీ బయలుదేరే గంట.

బయలుదేరే ముందు రెండు మూడు అడుగులు తప్పుడు దిక్కున వేయండి. రక్షకుడు తన బరువును అటు మార్చగానే తెగించి ఎదురు దిక్కున పరుగెత్తండి. మొదటి లీడ్‌కు బంతి రాకపోతే ఆగకుండా వెనక్కి తిరిగి గోల్ వైపు రెండో పరుగు తీయండి. మిమ్మల్ని పట్టుకోవడానికి ముందుకొచ్చిన రక్షకుడి వెనుక అంతా ఖాళీయే. నేరుగా కిక్కర్ వైపుకే కాకుండా కాస్త ఏటవాలుగా పరుగెత్తడం మంచిది. రక్షకుడు ఒక పక్కనే ఉంటాడు, కిక్కర్ మరో పక్కకు బంతి వేయగలడు.

ఏఎఫ్ఎల్ చరిత్రలో అందరికన్నా ఎక్కువ గోల్స్, 1,360, కొట్టిన టోనీ లాకెట్ భారీకాయుడు. అతని పాత ఆటలు దొరికితే గోల్స్ మాత్రమే చూడకండి. మొదటి కొన్ని అడుగుల్లో ఎంత దూరం విడిపోయాడో చూడండి.

లీడ్‌లో సగం మీ కోసం కాదు, పక్కవాడి కోసం. ఇద్దరు ఫార్వర్డ్‌లు ఒకే చోటికి పరుగెత్తితే ఇద్దరు రక్షకులను కూడా అక్కడికే తీసుకొచ్చినట్టు. ఒకరు బయటికి లాగాలి, మరొకరు ఖాళీ అయిన మధ్యలోకి రావాలి. బంతి ఐదు మీటర్ల లోపు ఉన్నప్పుడు ప్రత్యర్థిని శరీరంతో అడ్డుకోవచ్చు, దీన్ని షెపర్డ్ అంటారు. కానీ మార్క్ కోసం పోటీ జరిగే చోట బంతిని వదిలేసి మనిషినే ఆపితే ఫ్రీ కిక్ పోతుంది. షీడ్ మార్క్ పట్టే సమయంలో విల్లీ రియోలీ, బ్రేడెన్ మేనార్డ్‌ను అడ్డుకోవడం సరైనదా కాదా అని కాలింగ్‌వుడ్ అభిమానులు ఇంకా వాదిస్తూనే ఉంటారు. ఆ గీత అంత సన్ననిది. అడ్డుకునేటప్పుడు మీ కళ్లు బంతి మీదే ఉండాలి.

పొట్టి, చురుకైన ఆటగాళ్లకు ఒక్క మాట. గుంపు గాలిలోకి ఎగిరినప్పుడు మీరు ఎగరకండి. గుంపుకు ముందు, మధ్యకు ఎదురుగా, మూడు నాలుగు మీటర్ల దూరంలో ఉండి కదులుతూ రండి. చేతుల్లో చిక్కని బంతి ఎక్కువసార్లు అక్కడే రాలుతుంది.

ఆరో మెట్టు: మీ మనిషిని ఎప్పుడు వదలాలి

రక్షకుడి మొదటి పాఠం, ప్రత్యర్థికీ గోల్‌కూ మధ్య ఉండటం. రెండో పాఠం, అనుమానం ఉంటే బంతిని పిడికిలితో బౌండరీ వైపు గుద్దేయడం. అతని చేతులను కొట్టకూడదు, వీపు మీద తోయకూడదు. ఈ రెండూ మీకు తెలిసినవే.

పైస్థాయి రక్షణ మొదలయ్యేది మూడో పాఠంతో. సొంత ప్రత్యర్థిని వదిలి, వేరొకరి కోసం వస్తున్న బంతిని మధ్యలోనే పట్టుకోవడం. దీనికి ధైర్యం కన్నా చదువు ముఖ్యం. కిక్ కొట్టేవాడిని చదవండి. అతని మీద ఒత్తిడి ఉందా? శరీరం వెనక్కి వాలిందా? అయితే బంతి ఎత్తుగా, నెమ్మదిగా, గురి తప్పి వస్తుంది. వదలండి, పరుగెత్తండి. అతను తీరుబడిగా, తల ఎత్తి, ముందుకు వంగి కొడుతున్నాడా? బంతి కచ్చితంగా వస్తుంది. మీ మనిషిని అంటిపెట్టుకుని ఉండండి. స్లిప్‌లో ఫీల్డర్ బ్యాటు అంచును చూసినట్టు ఇక్కడ పాదాన్ని చూడాలి.

వదిలే ముందు మాట చెప్పాలి. 2021లో 57 ఏళ్ల తర్వాత కప్పు గెలిచిన మెల్‌బోర్న్ జట్టులో స్టీవెన్ మే, జేక్ లీవర్ జంట ఇందుకు చక్కని పాఠం. లీవర్ తన మనిషిని వదిలి బంతి మీదకు పోగలిగాడంటే వెనుక ఎవరో ఆ ఖాళీని చూసుకుంటున్నారన్న నమ్మకం వల్లే. మీ జట్టులో ‘నేను వెళుతున్నాను’ అనే అరుపు వినిపించకపోతే ఈ మెట్టు ఎక్కకండి.

2005 గ్రాండ్ ఫైనల్ చివరి క్షణాల్లో సిడ్నీ రక్షకుడు లియో బ్యారీ గుంపు మధ్యలోకి ఎగిరి బంతిని గుద్దకుండా పట్టేశాడు. సిడ్నీ నాలుగు పాయింట్లతో గెలిచింది. గుద్ది ఉంటే బంతి గోల్ ముందు నేల మీద పడేది, ఏమైనా జరిగేది. పక్కనుంచి వేగంగా వచ్చి, రెండు చేతులకూ దారి కనబడితే పట్టుకోవడమే మేలు.

ఏడో మెట్టు: బంతి పోయిన క్షణం

ఇరవై ఐదేళ్లుగా ఈ ఆటను మార్చింది ఈ క్షణమే. 2000లో టెర్రీ వాలెస్ శిక్షణలోని వెస్టర్న్ బుల్‌డాగ్స్, ఆటగాళ్లను పెద్దసంఖ్యలో వెనక్కి దించి, ఆ ఏడాది అంతవరకు ఓటమి ఎరుగని ఎసెండన్‌ను ఓడించింది. 2008లో అలస్టర్ క్లార్క్‌సన్ హాథార్న్ మనిషిని కాకుండా ప్రాంతాన్ని కాపలా కాసే వలతో గెలిచింది. 2010లో కాలింగ్‌వుడ్ ఆ వలనే ప్రత్యర్థి గోల్ వైపు ముందుకు నెట్టింది. 2017లో రిచ్‌మండ్ చిన్న ఫార్వర్డ్‌ల ఒత్తిడితో బంతి గోల్ ముందే పోయినా అక్కడే తిరిగి లాక్కుంది.

మీకు దీనిలోంచి కావాల్సింది ఒక్క అలవాటు. బంతి చేజారగానే తల పట్టుకోకుండా మొదటి మూడు సెకన్లు పూర్తి వేగంతో పరుగెత్తాలి. దగ్గరున్నవాడు బంతి ఉన్నవాడి మీదకు, మిగతావారు అతని దగ్గరి దారుల మీదకు. ఒంటరిగా ఉంటే దూకేయకండి. ఎదురుగా వేగం తగ్గించి, చేతులు చాపి, అతన్ని బౌండరీ వైపు మళ్లించండి. కబడ్డీలో రైడర్‌ను మూలకు తోసే డిఫెండర్ చేసేది ఇదే. ఒక్కడే దూకితే రైడర్ తప్పించుకుంటాడు. గొలుసు దగ్గరయ్యేదాకా ఆగితే దొరికిపోతాడు. తోడు రాగానే ట్యాకిల్ చేయండి. భుజాల కింద, మోకాళ్ల పైన, వీలైతే ఒక చేతిని బంధిస్తూ, పక్కకు తిప్పి, మీ శరీరంతో పాటు కిందికి. రెండు చేతులూ బంధించి గిరగిరా తిప్పి నేలకేసి కొట్టడం నేరం, అవతలివాడి తలకు ప్రమాదం. తలకు దెబ్బ తగిలి కంకషన్ అని తేలితే స్థానిక పోటీల్లో కనీసం 21 రోజుల వరకు తిరిగి ఆడనివ్వరు. ‘నాకేం కాలేదు’ అని దాచకండి. మీ సహచరుడు దాచుతున్నా ఊరుకోకండి.

ఎనిమిదో మెట్టు: చివరి ఐదు నిమిషాలు

ముందు ఉంటే అంచుల వెంట ఆడండి, మార్క్ పట్టి వ్యవధి తీసుకోండి, ఒక అదనపు మనిషిని బంతి వెనుక ఉంచండి. వెనుకబడి ఉంటే కారిడార్ తప్ప దారి లేదు, ప్రమాదాన్ని ఒప్పుకోవాల్సిందే. ఒత్తిడిలో ఉన్న రక్షకుడు బంతిని తన గోల్ గీత దాటించి ఒక్క పాయింటు వదులుకోవచ్చు. గోల్‌కు పోయే ఆరు పాయింట్ల కన్నా అది నయం. 2008 గ్రాండ్ ఫైనల్‌లో హాథార్న్ అలా 11 పాయింట్లు వదిలి కూడా గెలిచింది. మరుసటి ఏడాది నియమం మారింది. ఇప్పుడు ఒత్తిడి లేకుండా కావాలని దాటిస్తే గోల్ ముందు ఫ్రీ కిక్ పోతుంది.

ఇక సెట్ షాట్, అంటే మార్క్ లేదా ఫ్రీ కిక్ దొరికాక గోల్‌కు తీరిగ్గా కొట్టే కిక్. మీకు 30 సెకన్లు ఉంటాయి. ప్రతిసారీ అదే సంఖ్యలో అడుగులు, అదే ఊపిరి, బంతిని అదే ఎత్తు నుంచి వదలడం. గోల్ స్తంభాల మధ్య కాకుండా వాటి వెనుక జనంలో ఒక చిన్న వస్తువును, ఒక ఎర్ర టోపీనో జెండానో, గురిగా ఎంచుకోండి. శిక్షణ అయ్యాక, ఊపిరి ఆడనంతగా అలసిపోయాక, బౌండరీ గీత పక్కన నిలబడి పది కిక్‌లు కొట్టండి. ఐదు ఈ పక్క, ఐదు ఆ పక్క. ఎన్ని లోపలికి వెళ్లాయో ఒక పుస్తకంలో రాసుకోండి. తాజా కాళ్లతో కొట్టిన కిక్‌లను అందులో లెక్కించవద్దు.